కొండవాగు నాట్యకప్ప: వర్గీకరణ, విస్తృతి

నిర్వచనం

పడమటి కనుమల అడవుల్లో, ఏడాది పొడవునా నీరు పారే రాతివాగుల్లో బతికే చిన్న కప్పలను నాట్యకప్పలు అంటారు. ఇవన్నీ మిక్రిక్సాలిడే కుటుంబానికి చెందినవి. ఆ కుటుంబంలో ఉన్నది ఒకటే ప్రజాతి, మిక్రిక్సాలస్. అందులో 24 జాతులున్నాయి. పడమటి కనుమలు దాటితే ప్రపంచంలో ఇంకెక్కడా ఇవి లేవు. మగకప్ప బండమీద కూర్చుని వెనక కాలు పక్కకు చాచి, వేళ్ళ మధ్య పొర విప్పి ఊపుతుంది. వాడుక పేరు ఆ అలవాటు వల్లనే వచ్చింది.

ఈ వ్యాసం ప్రధానంగా మిక్రిక్సాలస్ సాక్సికోలా అనే జాతిని ఉదాహరణగా తీసుకుంటుంది. ఈ ప్రజాతిలో మొదట శాస్త్రీయ వర్ణన పొందినవాటిలో అదొకటి. ఒకప్పుడు పడమటి కనుమల్లో చాలాచోట్ల ఉందనుకున్న ఈ కప్ప ఇప్పుడు మలబారు, వయనాడు కొండలకే పరిమితమైనదిగా లెక్కలో ఉంది. కప్ప ఉన్నచోటే ఉంది. మారింది దాని పేరు కిందకు ఏయే వాగుల కప్పలు వస్తాయన్న నిర్ణయం. అందువల్ల ఈ ప్రజాతి విషయంలో వర్గీకరణ చరిత్ర చెప్పకుండా విస్తృతి చెప్పడం సాధ్యం కాదు.

వర్గీకరణలో స్థానం

నాట్యకప్పలు ఉభయచరాల తరగతిలో, తోకలేని ఉభయచరాలైన అనూరా క్రమంలో, నియోబాట్రాకియా ఉపక్రమంలోకి వస్తాయి. చాలాకాలం వీటిని రానిడే అనే పెద్ద కుటుంబంలో భాగంగానే చూశారు. 2001లో అలాన్ దుబ్వా, అన్నెమరీ ఓలర్, ఎస్.డి. బిజు వీటికి మిక్రిక్సాలినే అనే ఉపకుటుంబాన్ని ఏర్పరచారు. తరవాత జన్యు ఆధారాలు బలపడిన కొద్దీ దానికి పూర్తి కుటుంబ హోదా దక్కింది.

ఆ ఆధారాల్లో ముఖ్యమైనది 2004లో రూలాంట్స్, జియాంగ్, బోసూట్ ప్రచురించిన అధ్యయనం. దక్షిణ భారతం, శ్రీలంక కొండలకే పరిమితమైన కొన్ని కప్పల ప్రజాతులు కొత్తగా విడిపోయిన కొమ్మలు కావని, చాలా పురాతనమైన వంశాలని అది చూపింది. భారత భూభాగం దాదాపు 8 కోట్ల 80 లక్షల ఏళ్ళ కిందట మడగాస్కర్ నుంచి విడిపోయింది. తరవాత కోట్ల సంవత్సరాలు ఒంటరిగా ఉత్తరానికి కదిలి ఆసియాను తాకింది. ఈ కప్పల పూర్వచరిత్రను పరిశోధకులు ఆ ప్రయాణంతో కలిపి చదువుతున్నారు.

పడమటి కనుమల వాగుల్లో నాట్యకప్పలకు పొరుగున ఇంకా రెండు పాత వంశాలు ఉన్నాయి. ఒకటి నిక్టిబాట్రాకస్ ప్రజాతికి చెందిన రాత్రికప్పలు. రెండోది ఇండిరానా, వాకెరానా ప్రజాతులున్న రానిక్సాలిడే కుటుంబం. ఒకే వాగులో ఈ మూడూ కనబడవచ్చు గాని, వాటి బంధుత్వం దూరపుది.

నామకరణ చరిత్ర

*జెర్డన్ జాబితా, 1853.* టామస్ కావర్హిల్ జెర్డన్ (1811–1872) ఈస్టిండియా కంపెనీ వైద్యుడు. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసి, తరవాత మలబారు తీరంలోని తలశ్శేరికి వెళ్ళాడు. కడప జిల్లా లంకమల అడవుల కలివికోడికి ఇంగ్లీషులో ఉన్న పేరు ఈయనదే. బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో 1853లో ఆయన దక్షిణాపథపు సరీసృపాల జాబితా ప్రచురించాడు. ఆనాటి అలవాటు ప్రకారం అందులో కప్పలను కూడా చేర్చాడు. మలబారు, వయనాడు అడవుల్లో వాగురాళ్ళ మీద కనబడిన ఒక చిన్న కప్పను సాక్సికోలా అనే పేరుతో వర్ణించాడు. అదే జాబితాలో కర్ణాటిక్ మైదానానికి చెందిన ఒక లావుపాటి బోదురుకప్పను రానా క్రాస్సా అన్నాడు. ఆ రెండోది నేటి హోప్లోబాట్రాకస్ క్రాస్సస్, కోస్తా ఆంధ్ర పొలాల్లోనూ ఉండే కప్ప.

జెర్డన్ వర్ణనలు క్లుప్తమైనవి. కొన్ని వాక్యాలకు మించవు. ప్రజాతి విషయంలో ఆయనకే సందేహం ఉండి, సాక్సికోలాను చెట్టుకప్పల ప్రజాతి పాలిపెడేటెస్‌లో పెట్టాడు. వేలి కొనల్లో వెడల్పాటి పలకలు ఉండటం అందుకు కారణంగా తోస్తుంది. చెట్టుకప్పకు కొమ్మ పట్టుకోవడానికి, వాగుకప్పకు తడిరాయి పట్టుకోవడానికి పనికొచ్చే అవయవం చూపులకు ఒకేలా ఉంటుంది.

*బూలెంజర్ సర్దుబాటు, 1882–1890.* లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన జార్జ్ ఆల్బర్ట్ బూలెంజర్ 1882లో ఆ మ్యూజియం కప్పల జాబితాను సవరించి ప్రచురించాడు. ఫస్కస్, సిల్వాటికస్ జాతుల వర్ణనలు ఆ ఏడాదివే. 1888లో మిక్రిక్సాలస్ ప్రజాతిని నెలకొల్పాడు. 1890లో వచ్చిన బ్రిటిష్ ఇండియా జంతుసంపద గ్రంథంలో సాక్సికోలా ఈ ప్రజాతి కిందనే ఉంది.

*నారాయణరావు, మైయర్స్, 1937–1942.* బెంగుళూరు సెంట్రల్ కాలేజీ ఆచార్యుడు, 1932లో మొదలైన కరెంట్ సైన్స్ పత్రికకు తొలి సంపాదకుడు సి.ఆర్. నారాయణరావు 1937లో దక్షిణ భారతపు కొత్త కప్పల మీద ఒక పత్రం ప్రచురించాడు. చిక్కమగళూరు జిల్లా కొట్టిగెహార పేరుమీద ఉన్న కొట్టిగెహారెన్సిస్, దానితోపాటు ఎలిగాన్స్ ఆ పత్రంలోనివే. కాలేజీలో భద్రపరచిన ఆయన మూల నమూనాలు తరవాత పోయాయి. ఈ నష్టం ఏడు దశాబ్దాలపాటు ఈ ప్రజాతి వర్గీకరణను వెంటాడింది. పేరు ఉంది, వర్ణన ఉంది, పోల్చి చూడటానికి కప్ప లేదు. 1942లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు జార్జ్ మైయర్స్, ఆల్బర్ట్ హెర్రె సేకరించిన నమూనాల ఆధారంగా హెర్రెయి జాతిని వర్ణించాడు.

*భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ దశ, 1978–1990.* ఆ సంస్థకు చెందిన ఆర్.ఎస్. పిళ్ళై 1978లో నూడిస్, 1981లో థాంపియి జాతులను, 1990లో పట్టాభిరామన్‌తో కలిసి గాడ్గిలి జాతిని చేర్చాడు. చివరిదానికి పర్యావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్ పేరు పెట్టారు.

*పునఃసమీక్ష, 2014.* ఢిల్లీ విశ్వవిద్యాలయపు ఎస్.డి. బిజు బృందం కనుమల పొడవునా నమూనాలు సేకరించి, శరీర లక్షణాలను, డీఎన్ఏను కలిపి పరిశీలించింది. ఫలితాలు శ్రీలంకకు చెందిన సిలోన్ జర్నల్ ఆఫ్ సైన్స్‌లో వచ్చాయి. అప్పటికి చెల్లుబాటులో ఉన్న 10 జాతులకు ఒక్కసారిగా 14 కొత్త జాతులు చేరి మొత్తం 24 అయ్యాయి. పాత పేర్లలో ఏది ఏ వాగుకప్పకు చెందుతుందో కూడా ఈ పత్రం తిరిగి నిర్ణయించింది.

ముఖ్య జాతులు

1853లో జెర్డన్ వర్ణించిన వాటిలో నేటికీ ఈ ప్రజాతిలో నిలిచినవి రెండు: సాక్సికోలా, ఫిల్లోఫిలస్. వీటితోపాటు ఫస్కస్, సిల్వాటికస్, ఎలిగాన్స్, కొట్టిగెహారెన్సిస్, హెర్రెయి, నూడిస్, థాంపియి, గాడ్గిలి పాత జాబితాలోని పది.

2014లో చేరిన పధ్నాలుగింటిలో చాలా పేర్లు చోటును తెలుపుతాయి. నెల్లియాంపతి పాలక్కాడు జిల్లా కొండలది. సైరంధ్రి సైలెంట్ వ్యాలీలోని ఒక చోటు. కోడయారి దక్షిణ కొసన తమిళనాడులోని కోడయారు పేరుమీద ఉంది. కురిచియారి వయనాడు కొండ పేరు. నిలువసెయి కర్ణాటక ఊరిది. ఉత్తరఘాటి అన్న పేరు కనుమల ఉత్తర దిక్కును సూచిస్తుంది. అడోనిస్, కాండిడస్, ఫ్రిజిడస్, మల్లని, నైగ్రావెంట్రిస్, సాలి, స్పెక్కా, స్పెలుంకా మిగిలినవి.

ఈ జాతులను కంటిచూపుతో వేరు చేయడం కష్టం. చర్మం గరుకుదనం, వేళ్ళ మధ్య పొర ఎంత వరకు ఉంది, పొట్టమీది మచ్చలు, తొడల రంగు వంటి లక్షణాలను డీఎన్ఏతో సరిచూసుకున్న తరవాతే నిపుణులు నిర్ధారణకు వస్తారు.

శరీర నిర్మాణం

నాట్యకప్పలు చిన్నవి. చాలావాటికి ముక్కుకొన నుంచి వెనక కొస దాకా పొడవు రెండు నుంచి మూడున్నర సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. ఆడకప్ప మగదానికన్నా పెద్దది. వీపు గోధుమ, బూడిద, నల్లమచ్చల కలయిక. తడిసిన రాయి, కుళ్ళిన ఆకు పక్కన కదలకుండా కూర్చుంటే కనిపించదు. వీపు రెండు అంచుల వెంట సన్నని చర్మపు మడత సాగుతుంది.

వేలి కొనలన్నింటికీ గుండ్రటి పలకలుంటాయి. పలక చుట్టూ ఒక గాడి. లోపల చివరి ఎముక ఇంగ్లీషు 'టి' అక్షరం ఆకారంలో ఉంటుంది. వెనక కాలి వేళ్ళ మధ్య పొర బాగా పెరిగి ఉంటుంది. అది ఈతకే కాక సంకేతానికి కూడా పనికొస్తుంది. నోటి పైకప్పులో చాలా కప్పలకు ఉండే వోమరైన్ పళ్ళు వీటికి లేవు. వర్గీకరణలో ఇదొక గుర్తు. మగకప్పకు గొంతు కింద ఒకే కంఠసంచి ఉంటుంది. అరిచేటప్పుడు అది ఉబ్బి, ముదురు రంగు శరీరం ముందు తెల్లగా మెరుస్తుంది.

ఆవాసం, విస్తృతి

పడమటి కనుమలు గుజరాత్ నుంచి కన్యాకుమారి దాకా ఆరు రాష్ట్రాల గుండా దాదాపు 1,600 కిలోమీటర్లు సాగుతాయి. 2012లో యునెస్కో వీటిలోని కొన్ని ప్రాంతాలను ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించింది. నాట్యకప్పలు ఈ శ్రేణిలో అధిక వర్షపాతం ఉన్న భాగాల్లో, ముఖ్యంగా కేరళ, కర్ణాటక, తమిళనాడు కొండల్లో ఉన్నాయి. సతతహరిత అడవి నీడ, చల్లని స్వచ్ఛమైన నీరు, బండలు, కింద గులకరాళ్ళ ఇసుక అడుగు వీటికి కావాలి. జలపాతం తుంపర పడే బండలు, అడవిలోని సన్నని జాలులు, మిరియాల తోటల పక్కన చెట్లనీడ మిగిలిన వాగులు వీటి చోట్లు.

పాలక్కాడు వద్ద కనుమలు తెగి ఒక వెడల్పాటి కనుమదారి ఉంది. అక్కడి నేల పల్లం, వేడి. చల్లటి వాగును వదిలి పోలేని చిన్న కప్పకు ఇది గట్టి అడ్డు. ఈ దారికి ఉత్తరాన ఉన్న జాతులు, దక్షిణాన ఉన్న జాతులు చాలావరకు వేరువేరు. ఒకే వైపున కూడా రెండు కొండల మధ్య లోతైన లోయ ఉంటే ఇటు కప్పకు, అటు కప్పకు సంపర్కం ఉండదు. వేల తరాలు అలా గడిస్తే వేరు జాతులు ఏర్పడతాయి. ఒక్క ప్రజాతిలో 24 జాతులు, వాటిలో చాలావాటికి చాలా చిన్న విస్తృతి ఉండటానికి వివరణ ఈ భూస్వరూపంలోనే ఉంది.

సాక్సికోలా ఇందుకు మంచి ఉదాహరణ. ఇరవయ్యో శతాబ్దంలోనూ, ఇరవై ఒకటో శతాబ్దం మొదట్లోనూ కర్ణాటక మలెనాడులో చూసిన నాట్యకప్పలను కూడా చాలామంది ఆ పేరుతోనే రాశారు. 2006లో సంకేత ప్రవర్తన మీద, 2010లో గుడ్లు పెట్టే విధానం మీద వచ్చిన అధ్యయనాల శీర్షికల్లో అదే పేరు ఉంది. 2013 నాటి ఒక పత్రం జాగ్రత్తపడి 'సాక్సికోలాకు దగ్గరి కప్ప' అన్న అర్థంలో రాసింది. 2014 సమీక్ష జెర్డన్ చెప్పిన మలబారు, వయనాడు ప్రాంతానికి ఆ పేరును పరిమితం చేసి, మధ్య కర్ణాటక కప్పలను కొట్టిగెహారెన్సిస్ వంటి ఇతర పేర్ల కిందకు తెచ్చింది. పాత పత్రాలు చదివేవారు అధ్యయనం ఏ ఊరి వాగులో జరిగిందో చూసి, నేటి పేరేమిటో తేల్చుకోవలసి ఉంటుంది.

సంకేత ప్రవర్తన

కప్పలు సాధారణంగా గొంతుతో మాట్లాడుకుంటాయి. జలపాతం పక్కన ఆ గొంతు నీటి హోరులో కలిసిపోతుంది. నాట్యకప్ప దీనికి కంటికి కనబడే సంకేతాన్ని జోడించింది. పగటి వెలుగులో మగకప్ప నీళ్ళ మధ్య రాయిమీద చోటు పట్టుకుంటుంది. ముందు అరుస్తుంది, కంఠసంచి తెల్లగా ఉబ్బుతుంది. వెనక పాదంతో రాయిని తడుతుంది. తరవాత ఒక కాలు పైకెత్తి, పక్కకు పూర్తిగా చాచి, వేళ్ళు విప్పి వెనక్కి తెచ్చుకుంటుంది. కాసేపటికి రెండో కాలు.

దీని ఉద్దేశం ఆడకప్పను ఆకర్షించడమేనని చూడగానే అనిపిస్తుంది. క్షేత్ర పరిశీలనల్లో మాత్రం ఇది ఎక్కువగా పోటీ మగకప్పకు హెచ్చరికగా కనబడింది. పక్క రాయిమీదికి మరో మగకప్ప వస్తే ఊపు పెరుగుతుంది. అదీ చాలకపోతే కాలితో తన్ని నీళ్ళలోకి తోసేస్తుంది. 2013లో ప్రైనింగర్, గురురాజ తదితరుల బృందం ఈ కాలుచాపు పోట్లాటలోని తన్ను నుంచే సంకేతంగా మారి ఉండవచ్చని ప్రతిపాదించింది.

కాలు ఊపే కప్పలు ఇంకా ఉన్నాయి. బోర్నియో వాగుల్లో స్టారోయిస్, బ్రెజిల్ అట్లాంటిక్ అడవిలో హైలోడెస్ ఇదే పని చేస్తాయి. వీటికీ మిక్రిక్సాలస్‌కూ దగ్గరి బంధుత్వం లేదు. హోరు ఉన్న వాగు, పగటి వెలుగు, రాళ్ళకోసం పోటీ అనే ఒకే తరహా పరిస్థితుల్లో ఒకే తరహా అలవాటు విడివిడిగా పుట్టింది.

సంతానోత్పత్తి, తోకకప్ప దశ

వానకాలం ఉధృతిలో కొండవాగు గుడ్లను నిలవనివ్వదు. వేసవిలో నీరు సన్నబడుతుంది. అందుకే నాట్యకప్పల జతకట్టే కాలం నైరుతి వానలు తగ్గాక, సుమారు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పుడు నీరు పారుతూనే ఉంటుంది, వేగం మాత్రం తగ్గుతుంది.

గుడ్లు పెట్టే తీరును కె.వి. గురురాజ 2010లో జూటాక్సాలో వర్ణించాడు. మగకప్ప వీపుమీద ఉండగానే ఆడకప్ప లోతులేని నీటిలో దిగి, వెనక కాళ్ళతో గులకరాళ్ళ అడుగును తవ్వుతుంది. ఆ గుంటలో గుడ్లు పెట్టి, రాళ్ళతో ఇసుకతో కప్పేస్తుంది.

గుడ్లలోంచి వచ్చిన తోకకప్పలు ఎక్కడికి పోతాయన్నది చాలాకాలం ప్రశ్నగా ఉండిపోయింది. జవాబు 2016 మార్చిలో ప్లాస్ వన్ పత్రికలో వచ్చింది. సేనెవిరత్నె, గర్గ్, కెర్నీ, మీగస్కుంబుర, బిజు కలిసి హెర్రెయి జాతి తోకకప్పలను వాగు అడుగున ఇసుకలోంచి తవ్వి తీశారు. అవి పూర్తిగా భూగర్భ జీవులు. ఒళ్ళు పాముచేపలా పొడుగ్గా, కండపుష్టితో ఉంటుంది. కళ్ళమీద చర్మం కప్పి ఉంటుంది. చాలా కప్పలకు ఉండని పక్కటెముకలు వీటికి ఉన్నాయి. ఇసుకలో దూరడానికి అవి బలమిస్తాయని పరిశోధకుల వివరణ. దవడ తొడుగుల రంపపు అంచులు పెద్ద ఇసుకరేణువులను లోపలికి పోనివ్వవు. పేగుల్లో ఇసుక, కుళ్ళిన సేంద్రియ పదార్థం కనబడ్డాయి. శరీరంలో సున్నపు సంచులు కూడా ఉన్నాయి. చిన్నకప్ప రూపం వచ్చేదాకా ఈ జీవనం చీకట్లోనే.

వాగు ప్రవాహాన్ని తట్టుకోవడానికి కప్పలు ఎంచుకున్న దారుల్లో ఇది ఒకటి మాత్రమే. హిమాలయాల్లోని అమోలోప్స్ తోకకప్ప పొట్టమీద చూషకంతో బండను పట్టుకుంటుంది. పడమటి కనుమల్లోనే ఇండిరానా తోకకప్పలు ప్రవాహం బయట, నీరు జాలువారే తడిబండ మీద పెరుగుతాయి. నిక్టిబాట్రాకస్ జాతుల్లో చాలావి నీటికి పైన వేలాడే ఆకుల మీదో, బండల మీదో గుడ్లు పెడతాయి.

మైదానం కప్పలతో పోలిక: పర్చూరు ప్రాంతం

పోలికకు కోస్తా ఆంధ్ర మైదానాన్ని తీసుకుంటే, బాపట్ల జిల్లా పర్చూరు చుట్టూ ఉన్నది నల్లరేగడి నేల. పత్తి, మిరప, పొగాకు, శనగ అక్కడి పంటలు. 2022 ఏప్రిల్ వరకు ఈ మండలం ప్రకాశం జిల్లాలో ఉండేది. నీటికి ఆధారం నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ. వాగులున్నా వాటి పద్ధతి వేరు. పర్చూరు వాగు తుపాను వానకు పొంగి పొలాలను ముంచుతుంది, వేసవిలో సన్నబడిపోతుంది. అడుగున గులకరాళ్ళు కాదు, బురద. నల్లమల కొండల్లో పుట్టి కంభం చెరువు మీదుగా ప్రకాశం జిల్లా దాటి సముద్రంలో కలిసే గుండ్లకమ్మకు కూడా ప్రవాహం వానను బట్టే.

ఇలాంటి నేలలో బతికే కప్పల జీవనం నాట్యకప్పకు దాదాపు తలకిందులు. పొలాల్లో బెకబెకమనే హోప్లోబాట్రాకస్ టైగరినస్, జెర్డన్ పేరుపెట్టిన హోప్లోబాట్రాకస్ క్రాస్సస్, ఇళ్ళ దగ్గర తిరిగే గరుకుచర్మపు గోదురుకప్ప దుత్తాఫ్రైనస్ మెలనోస్టిక్టస్ నిలవ నీటి జీవులు. తొలకరికి గుంటల్లో, పిల్లకాలువల్లో చేరి రాత్రంతా అరుస్తాయి. నీరు ఎండేలోపు పని ముగియాలి కాబట్టి వేల సంఖ్యలో గుడ్లు పెడతాయి, తోకకప్పలు కొద్ది వారాల్లోనే కప్పలవుతాయి. ఎండాకాలం నేలలో దూరి తేమను కాపాడుకునేవీ వీటిలో ఉన్నాయి. అందుకే వాటి విస్తృతి వందల వేల కిలోమీటర్లు. టైగరినస్ పాకిస్తాన్ నుంచి మయన్మార్ వైపు దాకా ఉంది.

నాట్యకప్పకు ఈ వెసులుబాటు లేదు. గుడ్ల సంఖ్య తక్కువ, ఎదుగుదల నిదానం, ఎండిన వాగును తట్టుకునే ఏర్పాటు లేదు.

తూర్పు కనుమల స్థితి

ఆంధ్రప్రదేశ్ కొండల్లో మిక్రిక్సాలిడే కుటుంబం లేదు. తూర్పు కనుమలు ఒకే గొలుసు కాదు. నదులు కోసిన విడివిడి గుట్టల వరుస. అల్లూరి సీతారామరాజు జిల్లాలో శిఖరాలు 1,600 మీటర్లు దాటినా, నల్లమలలో ఎత్తయినవి 900 మీటర్ల పైచిలుకే. వర్షపాతంలో తేడా ఇంకా ఎక్కువ. కర్ణాటకలోని ఆగుంబెలో ఏటా 7,000 మిల్లీమీటర్ల స్థాయిలో వాన పడితే, ప్రకాశం జిల్లా సగటు వెయ్యి మిల్లీమీటర్లకు లోపే. నల్లమల వాగుల్లో చాలావి మార్చి నాటికి మడుగులుగా తెగిపోతాయి. ఈ రెండు కనుమల మధ్య పొడి దక్కను పీఠభూమి ఉంది.

ఇక్కడ నిలదొక్కుకున్న ఉభయచరాలు నిరంతర ప్రవాహం మీద అంతగా ఆధారపడనివి. 1998లో ఇంద్రనీల్ దాస్, ఎస్.కె. చందా ఆంధ్రప్రదేశ్ తూర్పు కనుమల నుంచి టెరెబ్రాన్స్ అనే పొదకప్పను వర్ణించారు. తరవాత నారాయణరావు పేరుమీద ఏర్పడిన రావొర్కెస్టెస్ ప్రజాతిలో దాన్ని చేర్చారు. ఈ ప్రజాతి కప్పలకు నీటిలో ఈదే తోకకప్ప దశ లేదు. గుడ్డులోంచి నేరుగా చిన్నకప్పే వస్తుంది. 2013లో విశాఖపట్నం జిల్లా, ఒడిశా మహేంద్రగిరి ప్రాంతాల నుంచి గెగెనియోఫిస్ ఓరియెంటాలిస్ అనే కాళ్ళులేని ఉభయచరాన్ని వర్ణించారు. దాని దగ్గరి బంధువులన్నీ పడమటి కనుమల్లోనే ఉండటం వల్ల ఈ గుర్తింపుకు ప్రాధాన్యం వచ్చింది.

పేరు ఒకచోట, ప్రాణి మరోచోట అన్న సమస్య ఇక్కడా ఉంది. ఆల్బర్ట్ గుంథర్ 1876లో మలబారుదని చెప్పి వర్ణించిన హోలోలియస్ అనే గోదురుకప్ప, తరవాతి కాలంలో తూర్పు కనుమలు, వాటిని ఆనుకున్న రాతిగుట్టల్లో కనబడింది. ఇటీవలి సంవత్సరాల్లో శ్రీలంకకే పరిమితమనుకున్న రెండు కప్పలను భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ పరిశోధకులు రాయలసీమలో గుర్తించారు. శేషాచలం కొండల్లో సూడోఫిలాటస్ రీజియస్ దొరికింది. చిత్తూరు జిల్లా పలమనేరు ప్రాంతంలో బంగారువీపు కప్ప హైలరానా గ్రాసిలిస్ దొరికింది. సముద్రమట్టం తగ్గిన మంచుయుగాల్లో దక్షిణ భారతం, శ్రీలంక భూమార్గంతో కలిసి ఉండేవి. ఇలాంటి ఉమ్మడి విస్తృతికి ఆ గతంతో సంబంధం ఉంది.

ప్రాముఖ్యం, ముప్పులు, సంరక్షణ

నాట్యకప్పలకు పరిశోధనలో మూడు విధాల విలువ ఉంది. కుటుంబం మొత్తం ఒకే పర్వతశ్రేణికి పరిమితం కావడం వల్ల జీవభూగోళ శాస్త్రానికి ఇవి ఆధారాలు. ధ్వని, దృశ్య సంకేతాల కలయికను అధ్యయనం చేయడానికి ఇవి నమూనా జీవులు. నీటి శుభ్రత, నిరంతర ప్రవాహం మీద ఆధారపడటం వల్ల కొండవాగు ఆరోగ్యానికి సూచికలు.

విస్తృతి చిన్నది కావడమే వీటి బలహీనత. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం ఎర్రజాబితాలో ఈ ప్రజాతి జాతుల్లో అధికభాగం ముప్పు ఉన్న వర్గాల్లోకి వచ్చాయి. కొట్టిగెహారెన్సిస్ అత్యంత ప్రమాదకర స్థితిలో ఉంది. 2023లో వచ్చిన ప్రపంచ ఉభయచరాల అంచనా ప్రకారం మొత్తం ఉభయచర జాతుల్లో దాదాపు 41 శాతం ముప్పులో ఉన్నాయి. నాట్యకప్పల పరిస్థితి ఆ సగటుకన్నా గడ్డుగా ఉంది.

కారణాలు ఒకటికి మించి ఉన్నాయి. టీ, కాఫీ తోటల కోసం అడవి తగ్గితే వాగుమీది నీడ పోయి నీరు వేడెక్కుతుంది. చిన్న ఆనకట్టలు, నీటి మళ్ళింపు వల్ల అక్టోబరు తరవాతి ప్రవాహం తగ్గుతుంది; గుడ్లు పెట్టే కాలం అదే. రోడ్ల పని నుంచి కొట్టుకొచ్చిన మట్టి గులకరాళ్ళ సందులను పూడ్చేస్తే తోకకప్పలకు చోటు ఉండదు. తోటల్లో చల్లే పురుగుమందులు, వానల తీరులో మార్పు, వ్యాధికారకమైన చిట్రిడ్ శిలీంధ్రం ఇతర అంశాలు. ఆ శిలీంధ్రం పడమటి కనుమల కప్పల్లో ఉన్నట్టు 2011లో వెల్లడైంది.

సైలెంట్ వ్యాలీ వంటి జాతీయ ఉద్యానాల్లో ఉన్న జాతులకు చట్టరక్షణ ఉంది. రక్షిత అడవి బయట, తోటల మధ్య వాగుల్లో బతికేవాటికి స్థానిక యాజమాన్య పద్ధతులే ఆధారం. గాడ్గిల్ అధ్యక్షతన ఏర్పడిన పడమటి కనుమల నిపుణుల సంఘం 2011 నివేదికలో కనుమలను సున్నితత్వాన్ని బట్టి మండలాలుగా విభజించాలని సిఫార్సు చేసింది. 2013లో కస్తూరిరంగన్ సంఘం పరిమితమైన విస్తీర్ణంతో మరో విభజన సూచించింది. జీవనోపాధి, వ్యవసాయం మీద ప్రభావం గురించి స్థానికుల అభ్యంతరాల మధ్య ఈ సిఫార్సుల అమలు రాష్ట్రాలకూ కేంద్రానికీ నడుమ చర్చగా సాగింది.

సంరక్షణ వర్గం నిర్ణయించడంలో వర్గీకరణ మార్పు నేరుగా ప్రభావం చూపుతుంది. కనుమల పొడవునా ఉన్న ఒకే జాతిగా లెక్కించినప్పుడు ఒక వాగు ఎండితే నష్టం స్వల్పంగా కనబడుతుంది. అదే వాగు కప్ప వేరు జాతి అని తేలితే, ఆ ఎండిపోవడం ఒక జాతి విస్తృతిలో పెద్ద భాగం పోవడం అవుతుంది. 2014 తరవాత ఎర్రజాబితా మదింపులు 24 జాతులను విడివిడిగా చేపట్టడానికి కారణం ఇదే.

సంబంధిత శీర్షికలు

అనూరా; ఉభయచరాలు; కలివికోడి; గుండ్లకమ్మ; జెర్డన్, టామస్ కావర్హిల్; తూర్పు కనుమలు; నల్లమల; నారాయణరావు, సి.ఆర్.; పడమటి కనుమలు; బోదురుకప్ప; రాత్రికప్పలు; రావొర్కెస్టెస్; శేషాచలం; హైలరానా.